రోడ్డు మీద జెండా, చట్టంలో కూలి: రహదారి ట్రాఫిక్ నియంత్రణ శ్రామికుల కనీస వేతన చరిత్ర

వ్యాససంగ్రహం

రహదారి పనుల వద్ద జెండా పట్టుకొని వాహనాలను ఆపే కూలీ చేసే పనీ, కూడలిలో నిలబడి ట్రాఫిక్‌ను నడిపించే హోంగార్డు చేసే పనీ ఇంచుమించు ఒకటే. వారి వేతనాన్ని నిర్ణయించే సూత్రాలు మాత్రం వేర్వేరు దారుల్లో ఎదిగాయి. 1948 నాటి కనీస వేతనాల చట్టం మొదలుకొని 2019 నాటి వేతనాల కోడ్ వరకు ఈ రెండు దారుల చరిత్రనూ, వేతన నిర్ణయంలో 'స్థానికత' అనే భావన పోషించిన పాత్రనూ ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: కనీస వేతనం, రహదారి పని, షెడ్యూలు ఉపాధి, స్థానికత, హోంగార్డు, డ్యూటీ అలవెన్సు, వేతనాల కోడ్.

1. పని, దాని పేరు

రోడ్డు మరమ్మతు జరిగేచోట సగం దారి మూసి, మిగిలిన సగం మీదుగా ఎదురెదురు వాహనాలను వంతులవారీగా పంపాలంటే రెండు చివరలా ఇద్దరు మనుషులు నిలబడాలి. ఒకరి చేతిలో ఎర్రజెండా లేచినప్పుడే రెండోవారి చేతిలో పచ్చజెండా లేవాలి. ఈ పొంతన ఒక్కసారి తప్పినా ప్రమాదం. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రచురించిన ఎస్.పి. 55 మార్గదర్శకాలు (2001; సవరించిన కూర్పు 2014) ఈ మనిషిని పని స్థలంలో భద్రతా ఏర్పాట్లలో భాగంగా గుర్తించాయి. ఇంజనీరింగ్ గ్రంథంలో అతనికి స్థానం ఉంది. వేతన చట్టంలో అతని స్థానం ఏమిటన్నదే ఇక్కడి ప్రశ్న.

ఎర్రజెండా మనిషి రోడ్డు మీదికి వచ్చింది మొదట యంత్రం కోసం. బ్రిటన్‌లో 1865 నాటి లోకోమోటివ్ చట్టం ఆవిరి బండికి 60 గజాల ముందు ఒక మనిషి ఎర్రజెండాతో నడవాలని శాసించింది. 1878 సవరణతో జెండా నిబంధన సడలింది. రైలుమార్గాల్లో మాత్రం జెండా మనిషి స్థిరపడిపోయాడు. మన దేశంలో ఆ ఉద్యోగానికి 'ఫ్లాగ్‌మన్' అన్న పేరు, దానితోపాటు పనివారి శ్రేణుల్లో అట్టడుగు స్థానం స్థిరపడ్డాయి. కేంద్ర ప్రభుత్వం రహదారి, భవన నిర్మాణ ఉపాధికి కనీస వేతనాలు ప్రకటించేటప్పుడు జతచేసే వర్గీకరణను చూస్తే ఈ సంగతి తెలుస్తుంది. నైపుణ్యరహిత పనుల జాబితాలో బేల్దార్, భిస్తీ, చౌకీదార్, గ్యాంగ్‌మన్ వంటి పేర్ల నడుమ ఫ్లాగ్‌మన్ కనబడతాడు. తోలుతిత్తితో నీళ్లు మోసే భిస్తీ రోడ్డు పనుల నుంచి ఎప్పుడో తప్పుకున్నా జాబితాలో ఆ పేరు మిగిలింది. చట్టపు జాబితాలకు ఇలాంటి దీర్ఘాయువు సహజం. ఫ్లాగ్‌మన్ పరిస్థితి దీనికి తలకిందులు. పేరు పాతదే, పని స్వభావమే పూర్తిగా మారిపోయింది. నాలుగు వరుసల రహదారిపై గంటకు వంద కిలోమీటర్ల వేగంతో వచ్చే వాహనాన్ని ఆపవలసిన మనిషిని కూడా ఆ జాబితా నైపుణ్యరహితుడిగానే లెక్కిస్తున్నది.

2. షెడ్యూలులో రోడ్డు

కనీస వేతనాల చట్టానికి పూర్వరంగం అందరికీ తెలిసినదే. 1928లో అంతర్జాతీయ కార్మిక సంస్థ 26వ ఒడంబడిక, 1931లో రాయల్ కమిషన్ నివేదిక, వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో అంబేడ్కర్ కార్మిక సభ్యుడిగా ఉన్న కాలంలో 1946లో బిల్లు ప్రతిపాదన, 1948 మార్చి 15 నుంచి చట్టం అమలు. ఆ చట్టపు నిర్మాణం మాత్రం ఇక్కడ ముఖ్యం. అది దేశంలోని ప్రతి శ్రామికుడికీ వర్తించేలా రాసిన చట్టం కాదు. సంఘటిత శక్తి లేని, యజమాని చెప్పినదే కూలిగా చెల్లుబాటయ్యే కొన్ని ఉపాధులను ఎంచి ఒక షెడ్యూలులో చేర్చారు. బియ్యం, పిండి, పప్పు మిల్లులు, పొగాకు, తోటలు, నూనె మిల్లులు, అభ్రకం, తోళ్ల పరిశ్రమలతోపాటు స్థానిక సంస్థల కింద ఉపాధి, రోడ్ల నిర్మాణం లేదా నిర్వహణ, రాళ్లు కొట్టడం అందులో చేరాయి.

రోడ్డు పని మొదటి షెడ్యూలులోనే ఉండటం జెండా కూలీకి కలిసివచ్చింది. చట్టం వృత్తిని అడగదు, ఉపాధిని అడుగుతుంది. షెడ్యూలు ఉపాధిలో కూలికి గాని, ప్రతిఫలానికి గాని నైపుణ్యంతో కూడినదైనా కాకపోయినా పని చేసే ప్రతివారూ దాని దృష్టిలో ఉద్యోగులే. తట్ట మోయకపోయినా, గడ్డపార పట్టకపోయినా, రోడ్డు పనిలో భాగంగా నిలబడినవాడు కనీస వేతనానికి అర్హుడు. పురపాలక సంస్థ స్వయంగా చేయించే పనిలోనైతే స్థానిక సంస్థల ఉపాధి, రోడ్డు పని అనే రెండు పద్దులూ అతనికి వర్తించే అవకాశం ఉంది. కాగితం మీద ఇది రెట్టింపు రక్షణ. ఆచరణలో ఏ పద్దు కింద ఏ రేటు చెల్లించాలన్న తగవుకు అదే మూలం కాగలదు.

ఈ చట్టాన్ని యజమానులు మొదటి దశాబ్దంలోనే సవాలు చేశారు. బిజయ్ కాటన్ మిల్స్ కేసులో సుప్రీంకోర్టు చట్టాన్ని సమర్థించింది. కనీస వేతనం చెల్లించలేని పరిశ్రమకు మనుగడ హక్కు లేదన్న భావం క్రౌన్ అల్యూమినియం తీర్పుతో (1957) స్థిరపడింది. అదే ఏడాది న్యూఢిల్లీలో జరిగిన 15వ భారత కార్మిక సదస్సు కనీస అవసరాలను అంకెల్లో పెట్టింది. ముగ్గురు వినియోగదారుల కుటుంబం, తలకు 2700 కేలరీలు, కుటుంబానికి ఏటా 72 గజాల బట్ట, ఇంటి అద్దె, మొత్తంలో 20 శాతం ఇంధనం వగైరా ఖర్చులు. పిల్లల చదువు, వైద్యం, వృద్ధాప్యం వంటి వాటికి మరో 25 శాతం చేర్చాలని 1991లో రాప్టకోస్ బ్రెట్ తీర్పు చెప్పింది. ఇంటి కడుపును లెక్కగట్టే ఈ సూత్రంలో కార్మికుడు పని స్థలంలో ఎదుర్కొనే ప్రమాదానికి మాత్రం గడి లేదు.

3. ఏ ఊరి కూలి?

చట్టంలోని 3వ విభాగం వేర్వేరు ఉపాధులకు, ఒకే ఉపాధిలో వేర్వేరు తరగతుల పనికి, వేర్వేరు ప్రాంతాలకు వేర్వేరు రేట్లు నిర్ణయించే అధికారాన్ని ప్రభుత్వానికిచ్చింది. స్థానిక కనీస వేతనం అనే భావన మన చట్టంలోకి వచ్చింది ఈ ద్వారం గుండానే. మైసూరు రాష్ట్రంలో హోటళ్ల కనీస వేతనాలను జోన్ల వారీగా నిర్ణయించడాన్ని 1969లో చంద్రభవన్ కేసులో సుప్రీంకోర్టు సమర్థించడంతో ప్రాంతభేదానికి రాజ్యాంగబద్ధత కూడా దక్కింది.

అయితే రోడ్డుకు హోటలుకు లేని చిక్కు ఒకటుంది. హోటలు ఒక ఊళ్లో ఉంటుంది, రోడ్డు ఊళ్లు దాటిపోతుంది. కేంద్ర ప్రభుత్వ అధికారం కింద సాగే పనికి కేంద్ర రేటు, మిగిలిన పనికి రాష్ట్ర రేటు వర్తిస్తాయి. కేంద్రం తన ప్రాంతాలను ఏ, బీ, సీ అని విభజించింది. 2017 జనవరి నాటి కేంద్ర ప్రకటనలో నిర్మాణరంగ నైపుణ్యరహిత కార్మికుడి మూల రోజుకూలి ఏ ప్రాంతంలో 523, బీలో 437, సీలో 350 రూపాయలు. ధరల సూచికతో ముడిపడిన కరువు భత్యం ఏటా ఏప్రిల్, అక్టోబరు నెలల్లో దీనికి కలుస్తుంది. 2024 అక్టోబరు నాటికి ఏ ప్రాంతంలో ఈ మొత్తం 783 రూపాయలకు, అంటే 26 దినాల నెలకు 20,358 రూపాయలకు చేరింది. హైదరాబాదు ఏ ప్రాంతంలోనిది. జాతీయ రహదారిపై జెండా పట్టినవాడూ, దానికి వచ్చి కలిసే రాష్ట్ర రహదారిపై జెండా పట్టినవాడూ ఒకరికొకరు కనబడేంత దూరంలో నిలబడి రెండు వేర్వేరు గెజెట్ల కింద కూలి తీసుకునే స్థితి ఇలా ఏర్పడింది.

గెజెట్ అన్న మాట ఇక్కడ అలంకారం కాదు. చట్టం ప్రకారం వేతన రేటు గెజెట్‌లో ప్రచురితమైతేనే అమల్లోకి వస్తుంది. అయిదేళ్లకు మించకుండా రేట్లను సమీక్షించాలని కూడా చట్టమే చెప్పింది. తెలంగాణలో 5 ఉపాధి రంగాల కనీస వేతనాలపై 2021 జూన్‌లో వెలువడిన ఉత్తర్వులు గెజెట్‌కు ఎక్కలేదు. వాటిని ప్రచురించమని హైకోర్టు 2023లో ఆదేశించవలసి వచ్చింది. ఉత్తర్వుకూ అచ్చుకూ నడుమ కూలి ఆగిపోయిన కాలమది. కార్మిక చరిత్ర రాసేవారు సమ్మెలను నమోదు చేసినంత శ్రద్ధగా ఇటువంటి మౌనకాలాలను నమోదు చేయరు. నిజానికి కూలి ఎక్కువగా కరిగిపోయేది వీటిలోనే.

స్థానికత తెచ్చే ఈ చిక్కును అమెరికా మన కంటే ముందే చవిచూసింది. ప్రజాపనుల్లో స్థానికంగా నడుస్తున్న కూలినే ఇవ్వాలన్న చట్టం కాన్సాస్ రాష్ట్రంలో 1891లోనే వచ్చింది. అటువంటిదే ఓక్లహోమా రాష్ట్ర చట్టం ఒక వంతెనల గుత్తేదారు కేసులో 1926లో వీగిపోయింది. 'ప్రాంతంలో నడుస్తున్న కూలి' అంటే ఏ ప్రాంతం, ఏ కూలి అన్న స్పష్టత లేదని అక్కడి సుప్రీంకోర్టు అభిప్రాయపడింది. 1931 నాటి డేవిస్-బేకన్ చట్టం నగరం, పట్టణం, గ్రామం అంటూ ఆ ప్రాంతాన్ని పేర్కొని, నడుస్తున్న కూలిని నిర్ధారించే పనిని కార్మిక శాఖకు అప్పగించింది. అయినా పని స్థలం అంచున, కొంచెం ఆవల నిలబడే జెండా మనిషి ఆ స్థలంలో ఉన్నట్టా లేనట్టా అన్న సందేహం మిగిలింది. 2023 అక్టోబరులో అమల్లోకి వచ్చిన నియమావళి, స్థలానికి ఆనుకొని జెండా పట్టడం కూడా పని స్థలంలోని పనేనని స్పష్టం చేసింది. మసాచుసెట్స్ అనుభవం మరీ చిత్రమైనది. అక్కడ రోడ్డు పనుల వద్ద పోలీసులే అదనపు వేతనంతో ట్రాఫిక్ నడిపేవారు. ఖర్చు తగ్గించడానికి పౌర జెండా మనుషులను పెట్టుకోవచ్చునని 2008లో ఆ రాష్ట్ర ప్రభుత్వం నిబంధన తెచ్చింది. కానీ రాష్ట్ర వేతన చట్టం ప్రకారం ఆ పౌరులకూ స్థానికంగా నడుస్తున్న కూలినే ఇవ్వాలి. ఆశించిన పొదుపు ఆ మేరకు తగ్గిపోయింది. మనదేశంలో అదే పనిని పోలీసు చేతినుంచి మరొకరి చేతికి మార్చినప్పుడు ఏం జరిగిందో తరువాతి భాగాలు చెబుతాయి.

4. మదన్‌గంజ్-హర్మారా రోడ్డు

రోడ్డు కూలి చరిత్రలో ఒక రోడ్డుకు ప్రత్యేక స్థానం ఉంది. రాజస్థాన్‌లోని అజ్మీరు జిల్లాలో మదన్‌గంజ్, హర్మారాల నడుమ రోడ్డును కరువు సహాయక పనిగా ప్రజాపనుల శాఖ చేపట్టింది. పనివారిలో స్త్రీలు ఎక్కువ. వారిని ముఠాలుగా విభజించి, పక్షానికోసారి ముఠా చేసిన పనిని కొలిచి, వచ్చిన మొత్తాన్ని అందరికీ సమానంగా పంచేవారు. అప్పటి కనీస వేతనం రోజుకు 7 రూపాయలు. కొలతలో పని తక్కువ తేలితే ముఠాలో అందరి కూలీ 7 రూపాయలకు దిగువకు పోయేది. కరువు పనులను కార్మిక చట్టాల నుంచి మినహాయించే 1964 నాటి రాష్ట్ర చట్టాన్ని ప్రభుత్వం అడ్డం పెట్టుకుంది.

తిలోనియాలోని సామాజిక సేవా సంస్థ సంచాలకుడు సంజిత్ రాయ్ వేసిన పిటిషన్‌పై 1983 జనవరి 20న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అప్పటికి నాలుగు నెలల ముందే, ఆసియా క్రీడల నిర్మాణాల కేసులో, కనీస వేతనానికి తక్కువగా ఇచ్చి చేయించుకునే పని రాజ్యాంగం 23వ అధికరణ నిషేధించిన బలవంతపు చాకిరీయేనని జస్టిస్ భగవతి చెప్పి ఉన్నారు. ఆ కేసులో 9.25 రూపాయల రోజుకూలిలో ఒక రూపాయిని జమాదారు తన కమిషన్‌గా కోసుకోవడం, స్త్రీలకు 7 రూపాయలే ఇవ్వడం బయటపడ్డాయి. ఇప్పుడు అదే సూత్రం కరువు పనికి వర్తించింది. ఆపదలో ఉన్నవారి నిస్సహాయతను ప్రభుత్వం వాడుకోరాదన్నది తీర్పు సారం. జస్టిస్ పాఠక్ అదే ఫలితానికి 14వ అధికరణ మార్గంలో చేరుకున్నారు.

ఈ తీర్పును సాధారణంగా బలవంతపు చాకిరీ కోణంలోనే చదువుతారు. జెండా కూలీ వైపునుంచి చదివితే మరో పార్శ్వం కనబడుతుంది. కొలిచి కూలి ఇచ్చే పద్ధతిలో అతని పని విలువ సున్న. మట్టి తవ్వినవారికి ఘనపు కొలత ఉంది, కంకర పరచినవారికి చదరపు కొలత ఉంది. ఎర్రజెండా ఎత్తి నిలబడిన ఎనిమిది గంటలకు ఏ కొలతా లేదు. అతడు ముఠాలో ఉంటే పంపకంలో ఒక వాటా పెరుగుతుంది గాని కొలతలో ఒక అంగుళమూ పెరగదు. అందువల్లనే చాలా పనుల్లో జెండాను ఆరోజుకు ఎవరు ఖాళీగా ఉంటే వారికి, బరువు మోయలేని వృద్ధులకు, చంటిబిడ్డ తల్లులకు అప్పగిస్తారు. భద్రత అడిగే పని ఇలా కనికరంతో ఇచ్చే పనిగా మారుతుంది. పరిమాణం కొలిచి ఇచ్చినా కాలం లెక్కన నిర్ణయించిన కనీస రేటుకు తగ్గకూడదని 1948 చట్టం 17వ విభాగం చెబుతుంది. కొలతలేని పనికి ఆధారం ఆ ఒక్క విభాగమే. రాజస్థాన్ చట్టం తొలగించదలచిన రక్షణల్లో అదీ ఒకటి.

5. కూడలిలోని స్వచ్ఛంద సేవకుడు

పని స్థలం దాటి కూడలికి వస్తే జెండా పోయి ఈల వస్తుంది, మనిషి పేరు మారుతుంది. హోంగార్డు వ్యవస్థ 1946 డిసెంబరులో బొంబాయిలో పౌర అల్లర్ల కాలంలో పోలీసులకు తోడ్పడే స్వచ్ఛంద దళంగా పుట్టింది. 1962 చైనా యుద్ధం తరువాత కేంద్రం సూచనపై రాష్ట్రాలన్నిటా ఒకే తీరు సంస్థగా రూపుకట్టింది. వేరే జీవనోపాధి ఉన్న పౌరుడు అవసరమైనప్పుడు పిలిస్తే వచ్చి సేవ చేస్తాడన్నది దీని పునాది. కాబట్టి అతనికిచ్చేది జీతం కాదు, డ్యూటీ అలవెన్సు. ఆచరణలో తెలుగు నగరాల కూడళ్లలో ఏళ్ల తరబడి రోజూ అదే చోట నిలబడిన హోంగార్డులకు అదే జీవనోపాధి. పునాదిలోని ఊహకూ రోడ్డు మీది వాస్తవానికీ నడుమ దూరం పెరిగేకొద్దీ తగవులు కోర్టులకెక్కాయి.

హిమాచల్ ప్రదేశ్, పంజాబ్, ఢిల్లీ హోంగార్డుల కేసుల్లో 2015 మార్చి 11న సుప్రీంకోర్టు రెండు ముఖాల తీర్పు ఇచ్చింది. హోంగార్డులు క్రమబద్ధ నియామకాలు పొందినవారు కాదు గనుక సర్వీసు క్రమబద్ధీకరణ కోరలేరు. అయితే 30 రోజుల డ్యూటీ అలవెన్సు కలిపితే ఆ రాష్ట్ర పోలీసు సిబ్బందికి దక్కే కనిష్ఠ వేతనానికి సమానం కావాలి. షెడ్యూలులో లేని పనికి న్యాయస్థానం ఇలా ఒక కనీస వేతనాన్ని నిర్మించింది. దీని కొలబద్ద 1957 కార్మిక సదస్సు చెప్పిన కుటుంబ అవసరం కాదు, పక్కనే నిలబడ్డ కానిస్టేబుల్. మరుసటి ఏడాది జగ్‌జిత్ సింగ్ కేసులో తాత్కాలిక ఉద్యోగులకు సమాన పనికి సమాన వేతన సూత్రం విస్తృతంగా వర్తించింది. హోంగార్డుల తీర్పును ఆ దిశగా వేసిన తొలి అడుగుగా చూడటం కంటే, సమానత్వాన్ని వేతనం వరకే అనుమతించి హోదా దగ్గర ఆపిన రాజీగా చూడటమే సబబు.

తీర్పులోని 30 అన్న అంకె మీద కొంచెం నిలవాలి. కేంద్ర కనీస వేతన గణనలో నెలకు 26 దినాలు. వారాంతపు సెలవు కూలి రేటులోనే ఇమిడి ఉంటుంది. హోంగార్డు లెక్కలో సెలవు దినం లేదు. నెలంతా డ్యూటీ పడితేనే కానిస్టేబుల్ కనిష్ఠ వేతనానికి చేరువవుతాడు, డ్యూటీ తగ్గిన మేరకు కూలి తగ్గుతుంది. కనిష్ఠ వేతనమంటే మూల వేతనమా, కరువు భత్యం కలిసినదా అన్న ప్రశ్న కూడా సూత్రంలోనే దాగి ఉంది.

తీర్పు తరువాత తెలుగు రాష్ట్రాల్లో అంకెలు మారాయి. తెలంగాణ ప్రభుత్వం 2017 డిసెంబరులో హోంగార్డుల నెలసరి మొత్తాన్ని 12,000 నుంచి 20,000 రూపాయలకు పెంచుతున్నట్టు ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరులో 18,000 నుంచి 21,300 రూపాయలకు, అంటే రోజుకు 710కి పెరిగింది. తెలంగాణలో 921గా ఉన్న రోజువారీ అలవెన్సు 2025 జనవరి నుంచి 1,000 రూపాయలైంది. ఈ చివరి అంకె కేంద్ర నైపుణ్యరహిత రేటు కంటే ఎక్కువేనన్నది నిజం. కాని ఆ పెంపు ఏ సూచికతోనూ ముడిపడి లేదు. జెండా కూలీ కరువు భత్యం అర్ధ సంవత్సరానికోసారి సూచికను అనుసరించి కదులుతుంది. హోంగార్డు అలవెన్సు ప్రభుత్వ నిర్ణయం వెలువడినప్పుడు కదులుతుంది. ఒకరి కూలి తక్కువ, దానికి చట్టం ఉంది. మరొకరి కూలి ఎక్కువ, దానికి దయ ఉంది.

2024 డిసెంబరులో హైదరాబాదులో ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను ట్రాఫిక్ అసిస్టెంట్లుగా నియమించడంతో కూడలిలోకి మరో కొత్త పేరు వచ్చింది. సామాజికంగా ఇది గొప్ప ముందడుగు. వేతన చరిత్ర దృష్టితో చూసినవారు మాత్రం ప్రతి కొత్త పేరుతోపాటు అడగవలసిన పాత ప్రశ్నను అడగక తప్పదు. ఈ పేరు వెనుక ఉన్నది జీతమా, కూలియా, అలవెన్సా, గౌరవ వేతనమా?

6. షెడ్యూలు లేని చట్టం

2019 నాటి వేతనాల కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. షెడ్యూలు పోయింది. ఏ ఉపాధి అన్న ప్రశ్న లేకుండా ఉద్యోగులందరికీ కనీస వేతనం వర్తిస్తుంది, దానికి దిగువన కేంద్రం నిర్ణయించే ఫ్లోర్ వేతనం ఉంటుంది. జెండా కూలీకి దీనివల్ల కొత్తగా దక్కే అర్హత ఏమీ లేదు, అతడు 1948 నుంచీ లోపలే ఉన్నాడు. ప్రశ్నంతా హోంగార్డుది. ఇంతకాలం షెడ్యూలులో లేకపోవడమే అతడు చట్టం బయట ఉండటానికి చాలిన కారణం. ఇప్పుడు ఆ కారణం తొలగింది కాబట్టి, వేతనంపై నియుక్తుడైనవాడే ఉద్యోగి అన్న నిర్వచనం దగ్గర వాదం మళ్లీ మొదలవుతుంది. స్వచ్ఛంద సేవకుడన్న పాత మాట ఆ నిర్వచనం ముందు ఎంతవరకు నిలుస్తుందన్నది న్యాయస్థానాల ముందుకు రావలసిన విషయం.

కోడ్‌లోని 6వ విభాగం రేటు నిర్ణయించేటప్పుడు నైపుణ్యాన్ని, భౌగోళిక ప్రాంతాన్ని ప్రధానంగా లెక్కలోకి తీసుకోవాలంటుంది. అదే విభాగంలో మరో అంశం ఉంది. భరించరాని ఉష్ణోగ్రత, తేమ, ప్రమాదకరమైన వృత్తుల వంటి పని కాఠిన్యాన్ని కూడా కొన్ని తరగతుల శ్రామికుల విషయంలో అదనంగా పరిగణించవచ్చు. పాత సూత్రాల్లో గడి లేని ప్రమాదానికి ఇక్కడ ఒక గడి దొరికింది. మే నెలలో వేడి తారు పక్కన, వేగంగా వచ్చే లారీలకు ఎదురుగా నిలబడే పని ఈ వర్ణనకు ఎంత దగ్గరగా ఉందో వేరే చెప్పనక్కరలేదు. అయితే చట్టం వాడిన క్రియ 'పరిగణించవచ్చు' అన్నదే, 'పరిగణించాలి' అని కాదు. ఫ్లాగ్‌మన్ మీద ఇప్పటికీ అంటుకొని ఉన్న నైపుణ్యరహిత ముద్రను తొలగించాలన్నా, ఉంచి దాని పక్కన ప్రమాదపు లెక్కను చేర్చాలన్నా ఆ పని రాష్ట్రాల నియమాల్లో, వర్గీకరణ జాబితాల్లో జరగాలి. భిస్తీ పేరు ఇంకా నిలిచి ఉన్న జాబితాలవి.